క్లెమెంట్ మార్షో రెండు సంతకాలు

గురువారం ఉదయం ఆరు నలభైకి క్లెమెంట్ మార్షో ఆంబోతు దొడ్డిలో బోర్లా పడి కనిపించాడు. వెన్ను విరిగింది. తల వెనక ఎముక లోపలికి దిగిపోయింది.

ఏడు నలభై ఐదుకి తెగ పోలీసు సార్జెంట్ ఐజాక్ రెడ్ విలో జీపు దిగేసరికి, జిల్లా డాక్టరు చేతులు కడుక్కుంటున్నాడు.

"ఆంబోతు తొక్కేసింది. డెబ్బై ఏళ్ళ ముసలాడికి దొడ్డిలో ఏం పని? ప్రమాదమని రాసేశాను."

ఐజాక్ వంగాడు. శవాన్ని పక్కకి తిప్పాడు. కింద బురదలో కళ్ళద్దాలు. ఒక అద్దం పగిలింది.

అది 1961 ఏప్రిల్. దక్షిణ డకోటాలో మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. క్లెమెంట్ తండ్రి ఫ్రెంచివాడు, తల్లి లకోటా తెగ మనిషి. తెగ భూముల్లో అతనికి నాలుగొందల ఆవులున్నాయి. మండువేసవిలో కూడా ఎండని ఊట ఆ చుట్టుపక్కల అతని పొలంలోనే ఉంది. ఆ ఊట కోసం పక్క పశువుల క్షేత్రం యజమాని హార్లన్ వాస్ పదేళ్ళుగా కత్తులు నూరుతున్నాడు.

కొడుకు డ్వేన్‌కి ముప్పై తొమ్మిదేళ్ళు. గడప మీద కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు.

"మీ నాన్న ఎన్నింటికి బయటికెళ్ళాడు?"

"ఆరింటికి. ఆంబోతుకి గడ్డి వెయ్యడానికి."

"చూశావా?"

"కిటికీలోంచి చూశాను. ఎప్పుడూ చేసే పనేగా."

"తర్వాత?"

"తర్వాతేముంది? ఆరు నలభైకి నేనే చూశాను. వాస్‌ని అడగవేం? నిన్నగాక మొన్న కంచె దగ్గర తుపాకీ చూపించాడు."

ఐజాక్ వంటింట్లోకి వెళ్ళాడు. వంటమనిషి మేరీ బ్రౌన్ పొయ్యి ముందు నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే పని. పడక మాత్రం వెనక కొట్టంలో.

"అత్తా, పొద్దున నువ్వెన్నింటికొచ్చావు?"

"ఆరుంబావుకి."

"ఏమైనా తేడాగా ఉందా?"

"బల్ల తుడిచి ఉంది. తడి ఇంకా ఆరలేదు."

"నువ్వు తుడిచి మర్చిపోయావేమో."

"నేను తుడిస్తే నీకు చెప్తానా? ఈ ఇంట్లో మగాడు గుడ్డ పట్టుకోవడం నేనెన్నడూ చూడలేదు."

"పెద్దాయన అద్దాలెప్పుడు పెట్టుకుంటాడు?"

"చదివేటప్పుడే. వాటితో నడిస్తే నేల మసగ్గా ఉంటుందని తిట్టుకునేవాడు. నెల్లాళ్ళుగా పొద్దున్నే ఆ పెద్ద బైబిలు ముందేసుక్కూచుంటున్నాడు."

చదివే అద్దాలతో ఎవడూ ఆంబోతు దగ్గరికి పోడు. ఐజాక్ బైబిలు తెరిచాడు. మధ్యలో ఇంటివాళ్ళ పుట్టుకలూ చావులూ రాసుకునే కాగితాలున్నాయి. ఒకటి లేదు. కుట్టు దగ్గర సన్నటి అంచు మాత్రం మిగిలింది. చిరుగు తెల్లగా, కొత్తగా ఉంది.

"ఇక్కడ ఏం రాసుందో తెలుసా అత్తా?"

"నాకు చదువు రాదు నాయనా. ఊహ తెలిసేసరికే బడివాళ్ళు నన్ను తెల్లవాళ్ళింటికి పనికి పంపారు. నా వయసే నాకు సరిగ్గా తెలీదు. యాభై ఎనిమిదో, అరవయ్యో. పుట్టినరోజు ఎవరూ చెప్పలేదు."

పన్నెండున్నరకి ఐజాక్ తెగ వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఏజెన్సీ రికార్డుల గదిలో ఉన్నాడు. గుమాస్తా యూనిస్ అతనికి వరసకి మరదలు.

"పెళ్ళిసంబంధం వెతుక్కోడానికొచ్చావా బావా? ఇక్కడున్నవాళ్ళంతా చచ్చినవాళ్ళే."

"నీకంటే నెమ్మదస్తులేగా. మార్షో కుటుంబం కాగితాలు తియ్యి."

యూనిస్ నవ్వు ఆపేసింది. "మూడు వారాల కిందట ఆయనే వచ్చి ఇవే అడిగాడు. రేపు పదింటికి సూపరింటెండెంటుతో మాట్లాడాలని టైం తీసుకున్నాడు. ఒక తప్పు దిద్దించాలన్నాడు."

ఐజాక్ ఒక్కో కాగితం బల్ల మీద పరిచాడు. 1891, క్లెమెంట్ బాప్టిజం. 1903 మే 4, చెల్లెలు రోజలీ పుట్టుక. 1908, నెల తేడాలో తల్లీ తండ్రీ క్షయతో పోయారు. రోజలీని హాస్టలు బడిలో వేశారు. ప్రభుత్వం తెగవాళ్ళకి తలా ఒక ముక్క భూమి రాసిచ్చినప్పుడు ఊట ఉన్న ముక్క రోజలీ పేర పడింది. 1909 ఫిబ్రవరిలో రోజలీ మరణం. సాక్షి సంతకం అన్న క్లెమెంట్‌ది. ఊట అన్నకి వచ్చింది.

మూతబడిన ఆ బడి దస్తరాలు మూల పెట్టెలో ఉన్నాయి. మూడు గంటలు వెతికాడు. నాలుగూ పదికి దొరికింది. 1909 సెప్టెంబరు. రోజలీ మార్షో, ఆరేళ్ళు. తెల్లవాళ్ళ ఇంట్లో పనికి పంపడమైనది. ఇకపై పేరు మేరీ బ్రౌన్. సంరక్షకుడి అంగీకార సంతకం: క్లెమెంట్ మార్షో.

చచ్చిపోయిన ఏడు నెలలకి.

మరణపత్రం భూముల ఆఫీసుకి పోయింది. రెండోది బడి పెట్టెలో ఉండిపోయింది. యాభై రెండేళ్ళలో ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. ఐజాక్ రెండు కాగితాలూ మడిచి జేబులో పెట్టాడు. అతని నాయనమ్మ పిల్లలు ముగ్గురు ఆ బడికే వెళ్ళారు. ఒక్కడే తిరిగొచ్చాడు.

"యూనిస్, 1931 తెగ జనాభా లెక్క కూడా తియ్యి. మేరీ అత్త ఆ ఇంట్లో చేరిన ఏడు."

శుక్రవారం పదకొండూ ఇరవైకి అందరూ మార్షో వంటింట్లో ఉన్నారు. డ్వేన్, వాస్ కూర్చున్నారు. మేరీ నిలబడింది.

"కూర్చో అత్తా."

"ఈ బల్ల దగ్గరా? వద్దులే."

ఐజాక్ అద్దాలు బల్ల మీద పెట్టాడు. "క్లెమెంట్ ఇక్కడ కూర్చుని చదువుతున్నాడు. వెనకనుంచి తల మీద కొట్టారు. దొడ్డిలోకి మోసుకెళ్ళి ఆంబోతు ముందు పడేశారు. తొందరలో ఈ అద్దాలు ముఖానే ఉండిపోయాయి. డాక్టరు వాటిని చూడనేలేదు."

"నాకేసి చూడకు. తెల్లవారుజాము ఐదు నుంచి పశువుల వేలంలో ఉన్నాను" అన్నాడు వాస్.

"ముప్పై మంది చెప్పారు. మేరీ అత్తకి ఆయన్ని ఎత్తే బలం లేదు. చదువు రాని మనిషి బైబిల్లోంచి సరిగ్గా ఆ కాగితమే ఎలా చింపుతుంది? ఇక ఆయన ఆరింటికి నడిచి బయటికెళ్ళడం చూశానన్నవాడు ఒక్కడే మిగిలాడు."

డ్వేన్ సిగరెట్టు నలిపేశాడు. "నేనెందుకు చంపుతాను?"

ఐజాక్ రెండు కాగితాలూ చదివాడు. నెమ్మదిగా, ఒక్క మాట కూడా వదలకుండా. మేరీ చెయ్యి గోడని పట్టుకుంది.

"ఆయన ఈ తప్పు దిద్దించబోయాడు" అన్నాడు ఐజాక్.

"తప్పా?" డ్వేన్ గొంతు కీచుమంది. "నేను పుట్టి పెరిగిన నేల. ఊట వంటమనిషికి రాసిస్తానన్నాడు. నా ముఖం మీదే చెప్పాడు. చావు దగ్గరపడితే ఆయనకి నీతి గుర్తొచ్చింది. మరి నేనేం కావాలి?"

ఐజాక్ అతని చేతులకి బేడీలు వేశాడు.

"ఆయనకి ఎప్పుడు తెలిసింది?" అంది మేరీ. "ఈ నెలలోనా?"

ఐజాక్ చెప్పకుండా ఉండాలనుకున్నాడు. ఆమె కళ్ళు వదల్లేదు.

"1931 లెక్కలో నీ పేరుంది అత్తా. మేరీ బ్రౌన్, పనిమనిషి. పుట్టింది 1903 మే 4. ఆ వివరాలు చెప్పింది క్లెమెంట్ మార్షో. నీకే తెలియని తేదీ."

"అంటే నేను పనికొచ్చిన ఏడే."

"ఆ ఏడే."

ఆమె ఐజాక్ చేతిలోని కాగితాల వైపు చూసింది. తర్వాత అడిగింది. "మరిప్పుడు ఈ నేల నాదేనా?"

"చట్టం లెక్కలో నువ్వు చచ్చిపోయావు. ఈ కాగితాలొక్కటే చాలవు. ఆ రోజలీవి నువ్వేనని రక్తసంబంధీకుడెవరైనా సాక్ష్యం చెప్పాలి."

ఇద్దరూ డ్వేన్ వైపు చూశారు. మార్షో రక్తంలో మిగిలింది అతనొక్కడే.

డ్వేన్ నవ్వాడు. "ఈవిడెవరో నాకు తెలీదు. వంటమనిషి. అంతే. ఉరి తీసినా అదే చెప్తాను."

ఐజాక్ అతన్ని జీపులోకి నెట్టాడు. మేరీ గుమ్మం దాకా వచ్చింది.

"నాయనా, నేనెలా చచ్చానని రాశాడు?"

"తట్టు సోకి."



"నాకెప్పుడూ తట్టు రాలేదు" అంది.