కలపకూడదు, తీసెయ్యకూడదు

...మూలుగు కుడివైపు నుంచే వస్తోంది, లిఫ్టు జారే ఆ పట్టాకి గ్రీజు రాసి ఎన్నాళ్ళయిందో ఏమో, అయినా తనకెందుకు, తను వచ్చింది వీసా పొడిగించమని అడగడానికి గానీ లిఫ్టు చూడ్డానికి కాదు కదా. అయితే మాత్రం, ఇంత పెద్ద ఆఫీసులో లిఫ్టు నొప్పులు పడుతున్న గేదెలా మూలుగుతుంటే వినీ విననట్టు నించోవడం మనిషన్నవాడి వల్ల అవుతుందా?

ఇవన్నీ లిఫ్టు మెకానిక్ మనసులో అనుకోవడం లేదు. పైకే అంటున్నాడు. అది అతని జబ్బు.

ఈ దేశం వచ్చిన దగ్గర్నుంచి రోజంతా లిఫ్టులు తిరిగే చీకటి షాఫ్టుల్లో ఒంటరిగా పని. మొదట్లో నట్లతో మాట్లాడాడు. తర్వాత ఇనప తాళ్ళతో. చుట్టుపక్కల తెలుగు తెలిసినవాళ్ళెవరూ లేరని రూఢి అయ్యాక మనసుకీ నోటికీ మధ్య ఉన్న తలుపు ఊడదీసి పక్కన పెట్టేశాడు. బస్సులోనూ, బజారులోనూ, కంపెనీ మేనేజరు ఎదుట కూడా, ఏదనిపిస్తే అది సన్నగా గొణుగుతూనే ఉంటాడు. జనం ఏదో జపం చేసుకుంటున్నాడనుకుని మర్యాదగా పక్కకి తప్పుకుంటారు.

సెల్లారులో అతనెక్కిన లిఫ్టు కింది అంతస్తులో ఆగింది. మళ్ళీ తలుపులు మూసుకుంటుండగా ఒక హ్యాండ్‌బ్యాగు లోపలికి దూరింది. తలుపులు ఉలిక్కిపడి వెనక్కెళ్ళాయి. బ్యాగు వెనకాల ఒకమ్మాయి. కళ్ళజోడు నిండా వాన చినుకులు.

"వచ్చిందండీ మహారాణి," అన్నాడు మెకానిక్, లిఫ్టు కప్పుకేసి చూస్తూ. "బ్యాగు పెట్టి తలుపు ఆపడమేమిటి? సెన్సరు పోతే ఈవిడగారి బాబొచ్చి బాగుచేస్తాడా? ఇంకో లిఫ్టు రాదా, కొంపలంటుకుపోతున్నాయా?"

ఆమె కళ్ళజోడు తీసి స్కార్ఫు అంచుతో మెల్లగా తుడుచుకుంది.

అతను ఇంకా తిట్టాల్సింది చాలా ఉంది. ఆ తుడుచుకోవడం చూస్తూ మర్చిపోయాడు.

నిజానికి ఈ వీసా ఇంటర్వ్యూకి అతనికి దుబాసీ అక్కర్లేదు. ఇక్కడి భాష అతనికి శుభ్రంగా వచ్చు. దుబాసీ అన్నది బావ సలహా. బావంటే మేనమామ కొడుకు, ఒకే గదిలో కాపురం. చేసేది బేకరీలో పిండి కలిపే పనే గానీ, సలహాలు మాత్రం హైకోర్టు స్థాయిలో ఇస్తాడు.

"ఒరేయ్, దుబాసీ కావాలని టిక్కు పెట్టు," అన్నాడు బావ, నోట్లో బ్రష్షుతో.

"నాకు భాష వచ్చు కదా బావా."

"వస్తే? ఆఫీసరు ప్రశ్న అడుగుతాడు. నీకు అప్పుడే అర్థమైపోతుంది. దుబాసీ మళ్ళీ దాన్ని తెలుగులో చెప్పేదాకా తాపీగా ఆలోచించుకుంటావ్. ఊరికే వచ్చే టైమురా, ఎందుకు వదులుకోవడం? బాత్రూములో నీతో నువ్వే మాట్లాడుకుంటావే, అలా ఆలోచించుకో."

పొడిగింపు రాకపోతే నెలాఖరుకి సామాను సర్దుకోవాలి. ఇక్కడ ఇంకా ఎందుకుండాలని ఎవరైనా అడిగితే, కంపెనీవాళ్ళు నేర్పిన జవాబు అతని దగ్గర ఉంది. తన జవాబే లేదు. అది దొరకాలంటే ఇంకో ఏడాది కావాలేమోనని ఒకసారి షాఫ్టులో అన్నాడు. షాఫ్టు అవుననలేదు, కాదనలేదు.

ఇంటర్వ్యూ గదిలో ఒక టేబులు, మూడు కుర్చీలు. టేబులు వెనక జలుబుతో ముక్కు ఎర్రబడ్డ పెద్దవయసు ఆఫీసరు, కీబోర్డు మీద రెండు వేళ్ళు ఆనించి సిద్ధంగా ఉన్నాడు. పక్క కుర్చీలో హ్యాండ్‌బ్యాగు. దాని వెనకాల ఆ అమ్మాయి.

"నమస్కారమండీ. నేను మీ దుబాసీని," అంది, చక్కటి తెలుగులో.

మెకానిక్‌కి తాడు తెగిన లిఫ్టు పెట్టెలో నించున్నట్టయింది.

"రూలు చెప్తాను, వినండి. మీరు నోరు తెరిచి అన్న ప్రతి మాటా నేను ఆయనకి చెప్పాలి. ఆయన మాటలు మీకు చెప్పాలి. కలపకూడదు, తీసెయ్యకూడదు. మీరు 'నేను' అంటే నేనూ 'నేను' అనే అంటాను. సరేనా?"

"చచ్చాం," అన్నాడు మెకానిక్.

ఆమె ఆఫీసరు వైపు తిరిగింది. ముఖంలో ఒక్క గీత కదలకుండా, ఇక్కడి భాషలో, "చచ్చాం," అంది.

ఆఫీసరు టైపు చేశాడు.

"మీ ఇద్దరికీ ముందే పరిచయం ఉందా?" అన్నాడు. "ఉంటే ఈ ఇంటర్వ్యూ చెల్లదు. ఇంకో తేదీకి ఆర్నెల్లు ఆగాలి."

"లేదు లేదు," అన్నాడు మెకానిక్.

"లేదు లేదు," అంది ఆమె. తర్వాత బడిపిల్లలా చెయ్యెత్తింది. "ఇది దుబాసీ సొంతంగా చెబుతున్న మాట. ఇందాక లిఫ్టులో ఈయన దుబాసీని తిట్టారు."

"ఏమని?"

"మహారాణి అని. బ్యాగు పెట్టి తలుపు ఆపినందుకు. దుబాసీ నాన్నగారి ప్రస్తావన కూడా వచ్చింది."

ఆఫీసరు కాసేపు కిటికీలోంచి వానని చూశాడు. "తిట్టడం పరిచయం కిందికి రాదు," అని తేల్చాడు. "కానివ్వండి. ఏం పని చేస్తారు?"

"లిఫ్టులు బాగుచేస్తాను," అన్నాడు మెకానిక్. అక్కడితో ఆగాలి. ఆగడం అతని చేతిలో లేదు. "మీ లిఫ్టు మూలుగుతుంటే నా కడుపు తరుక్కుపోతోంది. ఎవడో ఏడవలేక ఎప్పుడో ఒక చెమ్చాడు గ్రీజు రాసినట్టున్నాడు."

ఆమె చెమ్చాతో సహా చెప్పింది.

ఆఫీసరు వేళ్ళు ఆగిపోయాయి. "నిజమే. పైకెళ్ళేకొద్దీ ఎక్కువ. నేను ఎన్నోసార్లు చెప్పాను. ఈ ఆఫీసులో నా మాట ఎవరూ వినరు."

"అందరిదీ అదే గోల," అని గొణిగాడు మెకానిక్.

"అందరిదీ అదే గోల," అంది ఆమె.

ఆఫీసరు నిట్టూర్చి అది కూడా టైపు చేశాడు. "ఇక్కడ మీకెవరైనా ఉన్నారా?"

"మా బావ ఉన్నాడు." బాగానే ఉంది. అక్కడితో సరిపోయేది. "ఉన్నాడు గానీ సలహాలిస్తాడు. నేను చెప్పేది వినేవాళ్ళే లేరు నాకు."

ఆమె నోరు తెరిచి, అరక్షణం ఆగి, చెప్పింది. "నేను చెప్పేది వినేవాళ్ళే లేరు నాకు."

మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. ఇంతవరకూ అతని మాటలన్నీ గోడకి కొట్టుకుని అతని గొంతుతోనే తిరిగొచ్చేవి. ఇది మాత్రం మరొకరి గొంతు ఎక్కి, 'నేను' అంటూ బయల్దేరింది. తనది కాదు, ఆమెదేనేమో అన్నంత నిజంగా ఉంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఎవరెవరి 'నేను'నో పలికే మనిషి తన 'నేను' ఎప్పుడంటుంది? ఎవరితో అంటుంది? అడగాలనిపించింది. అడిగితే అదీ టైపయిపోతుంది. పళ్ళు బిగించాడు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. సరిగ్గా అప్పుడే ఆఫీసరు పెద్దగా తుమ్మి, తన కళ్ళజోడు తీసి తనూ తుడుచుకున్నాడు.

మెకానిక్ ఇద్దర్లో ఒకరినే చూశాడు.

బిగించిన పళ్ళ సందులోంచే జారిపోయింది మాట. "ఆ కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే ఎంత బాగుందో ముఖం!"



ముందు ఆమె చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత మెడ. అయినా రూలు రూలే. గోడ గడియారానికి చెబుతున్నట్టు చెప్పింది. "ఆ కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే ముఖం బాగుంది."

ఆఫీసరు చేతిలో కళ్ళజోడు అలాగే ఉండిపోయింది. దాన్ని చూశాడు. మెకానిక్‌ని చూశాడు. "నా ముఖమా?" అన్నాడు, చాలా మెల్లగా.

ఎవరి ముఖమో వివరించడం దుబాసీ పని కాదు. కలపకూడదు. ఆమె మెకానిక్ వైపు తిరిగింది. కళ్ళు ఎత్తింది.

"నా ముఖమా?" అని అడిగింది.

"అవునండీ," అన్నాడు అతను. "మీ ముఖమే."

"అవునండీ, మీ ముఖమే," అని ఆమె ఆఫీసరుకి చెప్పింది.

ఆఫీసరు కళ్ళజోడు పెట్టుకోవడం మానేశాడు. కిటికీ అద్దంలో తన నీడని ఒకసారి ఈ పక్క నుంచి, ఒకసారి ఆ పక్క నుంచి చూసుకున్నాడు. "ఇంతవరకూ నాతో ఎవరూ అలా అనలేదు," అన్నాడు.

"ఇంతవరకూ నాతో ఎవరూ అలా అనలేదు," అంది ఆమె.

ఆ మాట ఆఫీసరుది. అందులో సందేహం లేదు. కానీ దుబాసీలు అంత నెమ్మదిగా చెబుతారని మెకానిక్‌కి తెలియదు.

"అనకపోవడం వాళ్ళ పొరపాటు," అన్నాడు.

అదీ చేరింది. ఆఫీసరు ముక్కు చీదుకుని, గొంతు సవరించుకున్నాడు. "ఇలాంటి మనిషి ఇంకో ఏడాది ఇక్కడుంటే బాగుంటుందని నాకనిపిస్తోంది."

మెకానిక్‌కి అప్పుడే అర్థమైపోయింది. అయినా బావ చెప్పిన ఊరికే వచ్చే టైము మొదటిసారి అతనికి ముద్దుగా అనిపించింది. ఏమీ ఆలోచించకుండా, చెవులప్పగించి కూచున్నాడు.

"ఇలాంటి మనిషి ఇంకో ఏడాది ఇక్కడుంటే బాగుంటుందని నాకనిపిస్తోంది," అంది ఆమె, బ్యాగు జిప్పుతో ఆడుకుంటూ.

ఎందుకుండాలనుకుంటున్నారన్న ప్రశ్న ఆఫీసరు అడగనే లేదు. సొరుగులోంచి స్టాంపు తీశాడు. ఆమె మళ్ళీ చెయ్యెత్తింది.

"దుబాసీ ఒక తప్పు దిద్దుకోవాలి."

ఆఫీసరు చెయ్యి గాల్లో ఆగింది. మెకానిక్ ఆ స్టాంపుకేసే చూస్తున్నాడు. ఇప్పుడు చెప్పేస్తుంది. ఆ ముఖం మీది కాదు సార్, నాది అంటుంది. నెలాఖరుకి సామాను.

"ఇందాక దుబాసీ 'ముఖం బాగుంది' అని మాత్రమే చెప్పింది. ఈయనన్నది 'ఎంత బాగుందో' అని. ఆ 'ఎంత' దుబాసీ తీసేసింది." గొంతు మరీ సన్నబడింది. "తీసెయ్యకూడదు."

"అదేమిటమ్మా, అసలైన మాటే తీసేశారు!" అని ఆఫీసరు నొచ్చుకుని, వెనక్కెళ్ళి దిద్ది, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ టైపు చేసి, స్టాంపు కొట్టాడు. "ఇంకేమైనా చెప్పుకోవాలా?"

చాలా ఉంది. టైపు చెయ్యదగ్గది మాత్రం ఒక్కటీ లేదు.

"లేదండీ," అని నోరు మూసుకున్నాడు మెకానిక్.

లిఫ్టు కోసం నించుని ఉండగా బావ ఫోను. "ఏమైందిరా?"

"వచ్చింది బావా. ఏడాది."

"చూశావా! టైము దొరికిందా, లేదా? ఏం ఆలోచించావ్?"

"ఆలోచించలేదు. అనేశాను."

"ఏమని? ఒరేయ్, ఏమని?"

లిఫ్టు మూలుగుతూ వచ్చింది. ఫోను జేబులో వేసుకుని లోపలికెళ్ళి బటను నొక్కాడు. తలుపులు కదలబోతుండగా వరండా చివర్నుంచి చెప్పుల చప్పుడు. ఆమె పరిగెత్తుకొచ్చి, గుమ్మం ముందు టక్కున ఆగిపోయింది. బ్యాగు రెండు చేతులతో గుండెలకి హత్తుకుంది.

"పెట్టనులెండి," అంది. "సెన్సరు పోతుంది. మా నాన్నకి లిఫ్టు పని రాదు."

నవ్వుతోంది. తలుపులు రెండు వైపుల నుంచీ వస్తున్నాయి. నవ్వు సగమైంది. కళ్ళజోడొక్కటే మిగిలింది.

ఇంకో లిఫ్టు వస్తుంది. అది తన మాటే. గొణుక్కోవడానికి ఏదైనా ఉందేమోనని లోపలంతా వెతికాడు. ఏమీ లేదు. షాఫ్టంత నిశ్శబ్దం. ఇప్పుడు తనేమన్నా దాన్ని ఇంకెవరికీ చేరవెయ్యనక్కర్లేని మనిషి, వినడానికి ఎదురుగా నించుని ఉంది.

మెకానిక్ చటుక్కున కాలు ముందుకి చాపి, తన సొంత బూటు ఆ తలుపుల మధ్య పెట్టాడు.