ఎనిమిదో మంచం పాస్‌పోర్టు

ఆమె లోపలికి వచ్చింది గానీ కూర్చోలేదు. కుర్చీ వీపు గట్టిగా పట్టుకుని నిలబడి, "పోయినవి వెతికిపెడతారట కదా" అంది.

ఆ డిటెక్టివుకూ అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది. వీధిలో మాత్రం అందరూ పట్టుకారు అనే అంటారు, పట్టుకుంటే వదలడు గనక. పక్క బల్ల దగ్గర పదకొండేళ్లుగా ఆయన కేసులు టైపు చేస్తున్న సహాయకురాలికి ఆయన మీద గురి ఎక్కువ. మా సారు ఇంతవరకు పొరపడలేదని అడిగినవాళ్లకీ చెబుతుంది, అడగనివాళ్లకీ చెబుతుంది.

"కూర్చోండమ్మా. ఏం పోయింది?" అన్నాడు పట్టుకారు.

"పాస్‌పోర్టు. రేపు పొద్దున తొమ్మిదింటికి మా విమానం. ఎల్లుండి నేను ఆసుపత్రిలో చేరాలి. మా అన్నయ్యకి నా కిడ్నీ ఇస్తున్నానండీ. ఈ తేదీ తప్పితే ఆయన ఒళ్లు ఆపరేషనుకి తట్టుకోదని డాక్టరు ముందే చెప్పేశాడు."

టైపు మిషను ఆగిపోయింది.

ఆమె దర్జీ. బట్టల దుకాణంలో ఇరవయ్యేళ్లుగా మిషను తొక్కుతోంది. కోత పడ్డాక మళ్లీ ఎప్పుడు తిరగగలనో అని, జీవితంలో ఒక్కసారి పెద్ద నగరం చూద్దామని చెల్లెల్ని వెంటబెట్టుకుని వారం రోజులకని వచ్చింది. అన్నిటికన్నా చౌక టికెట్టు, గదికి పదిమంది పడుకునే లాడ్జి, ఊరంతా నడక. కొత్త పాస్‌పోర్టు కాగితాలకు వారం పడుతుందని వాళ్ల దేశపు కార్యాలయంలో చెప్పారట.

"ఎక్కడ పెట్టారు?"

"మంచం పక్కనున్న ఇనప బీరువాలో. తాళం నాదే. తాళంచెవి నా మెళ్లోనే ఉంది, స్నానానికి వెళ్లినా తియ్యను. నిన్న సాయంత్రం నా కళ్లతో చూసి మరీ తాళం వేశాను. ఇవాళ పొద్దున తీస్తే లేదు. తాళం చెక్కుచెదరలేదు. పర్సు పక్కనే ఉంది, ముట్టుకోలేదు. గది తుడిచే ఆమే తీసిందని మేనేజరమ్మ అంటోంది. సాయంత్రంలోగా దొరక్కపోతే పన్లోంచి తీసేస్తుందట."

"మీరేమంటారు?"

"నాకు అందరూ దొంగల్లాగే కనిపిస్తున్నారండీ" అని అప్పుడు కూర్చుంది.

లాడ్జి రెండు వీధుల అవతల ఉంది. నెల రోజులుగా చినుకు లేక వీధంతా దుమ్ము కొట్టుకుపోతోంది. కౌంటరు వెనక గోడకు చేత్తో రాసిన బోర్డు వేలాడుతోంది. సహాయకురాలికి కనిపించినదల్లా పైకి చదివే అలవాటు. "గొడుగు గానీ సైకిలు గానీ కావలసినవారు పాస్‌పోర్టు హామీగా పెట్టవలెను. వస్తువు తిరిగి ఇచ్చిన తర్వాతే పాస్‌పోర్టు ఇవ్వబడును. బీరువా తాళములు ఇక్కడ అమ్మబడును."

"మీ దగ్గర మారు తాళంచెవులు ఉంటాయా?" పట్టుకారు అడిగాడు.

"ఒక్కటీ ఉండదు. ఉంటే నన్నే అంటారు కదా" అంది మేనేజరమ్మ. ఆమె మాటలో ఉప్పూ కారం సమపాళ్లలో ఉంటాయి. "ఈ వారం మూడు తాళాలు అమ్మాను. అక్కచెల్లెళ్లకి చెరొకటి, ఫొటోలు తీసే అమ్మాయికి ఒకటి. అన్నీ ఒకే రకం. నొక్కితే పడతాయి. తియ్యడానికే తాళంచెవి కావాలి, వెయ్యడానికి అక్కర్లేదు. ఎందుకండీ ఇవన్నీ? నిన్న సాయంత్రం గదిలో ఉన్నది ఆ తుడిచే మనిషే. చూస్తూ చూస్తూ ఎలా వదలమంటారు?"

తుడిచే ఆమె కళ్లు ఏడ్చి ఎర్రగా ఉన్నాయి, నోరు మాత్రం తగ్గలేదు. "ఆరేళ్ల నుంచి తుడుస్తున్నానయ్యా. మంచాల కింద ఉంగరాలు దొరికితే తెచ్చిచ్చాను. నిన్న అందర్నీ బయటికి పొమ్మన్నాను, నేల ఆరేదాకా. పెద్దావిడ స్నానానికెళ్లింది. చిన్నావిడొక్కతే పైమంచం దిగనంది, కాళ్లు నొప్పులంట. నేను నడవా తుడుచుకుంటూ వెళ్లిపోయాను."

గదిలో ఫొటోల అమ్మాయి సంచీ సర్దుకుంటోంది. ఇవాళే వెళ్లిపోవడమేమిటని అడిగితే, "మొన్ననే టికెట్టు కొన్నాను. కావాలంటే సంచీ బోర్లించుకోండి" అంది. బోర్లించారు. మాసిన బట్టలు, లెన్సులు, తన పాస్‌పోర్టు, అంతే. అయినా సహాయకురాలి అనుమానం అందరి మీదా సమంగానే పడుతోంది. చివరికి ఫ్యానుని కూడా ఓరకంట చూసింది.

ఎనిమిదో మంచం అక్కది. దాని మీద, నిచ్చెనెక్కితే, తొమ్మిదోది చెల్లెలిది. చెల్లెలి బీరువాకు తాళం లేదు.

"మీ తాళం ఏదమ్మా?"

"మొదటి రోజే ఎక్కడో పడేసుకున్నానండీ. నా దగ్గర దాచుకునేంత ఏముంది? ఉన్నదీ నడుముకే ఉంది" అంటూ చెల్లెలు నడుముకు కట్టిన సంచీలోంచి తన పాస్‌పోర్టు తీసి చూపించి మళ్లీ లోపల పెట్టుకుంది.

పట్టుకారు నిచ్చెన మెట్టెక్కి ఆమె మంచం చూశాడు. కమ్మీకి లాడ్జి నంబరు వేసిన గొడుగు ఒకటి తగిలించి ఉంది. మడతల్లో దుమ్ము. కిందకి దిగి అక్క తాళం చేతిలోకి తీసుకున్నాడు. దాని కొంకీకి నీలం దారం చుట్టి ఉంది.

"గుర్తుకి చుట్టాను. చెల్లి దగ్గర దారపుండ ఉంటే తీసుకుని" అంది అక్క.

"సామాను సర్దేటప్పుడు ఈ తాళం ఎక్కడుంటుంది?"

"గొళ్లానికి తగిలించి ఉంచుతాను, తెరిచే. నేను అక్కణ్ణుంచి కదలనండీ. అయ్యాక నొక్కేస్తాను."

పట్టుకారు మొహం తుడుచుకుని, "అందర్నీ ఇక్కడికే రమ్మనండి. మేనేజరమ్మ తన సొరుగు కూడా తేవాలి" అన్నాడు. సహాయకురాలి మొహం వెలిగింది. ఈ మాట కోసమే ఆమె పదకొండేళ్లుగా జీతం పెంచమని అడగలేదు.

అందరూ మంచాల మీద కూర్చున్నారు. తుడిచే ఆమె మాత్రం గుమ్మంలోనే నిలబడింది. పట్టుకారు ఆమెను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి మొదలుపెట్టాడు.

"బీరువా ఎవరూ పగలగొట్టలేదు. తాళం ఎవరూ మారు తాళంచెవితో తియ్యలేదు. నిన్న సాయంత్రం ఈవిడ వేసిన తాళం ఈవిడది కాదు. తల లోపలికి పెట్టి సర్దుకుంటున్నప్పుడు, గొళ్లానికి వేలాడే తాళం తీసి అచ్చం అలాంటిదే ఒకటి తగిలించారు. దానికీ అదే నీలం దారం. నొక్కితే పడే తాళం కదా, తాళంచెవితో పనే లేదు, తేడా తెలియలేదు. ఈవిడ స్నానానికి వెళ్లాక ఆ మనిషి తన తాళంచెవితో తీసి, పాస్‌పోర్టు తీసుకుని, అసలు తాళం మళ్లీ నొక్కేశారు. ఆ రకం తాళం, ఆ దారం, ఖాళీ గది, మూడూ ఉన్నది ఒక్కరికే."

"తాళం పోయిందన్నానుగా" అంది చెల్లెలు.

"అన్నారు. మరి ఆ గొడుగెందుకమ్మా? చినుకు లేదు, విప్పనైనా విప్పలేదు. గొడుగు కావాలంటే పాస్‌పోర్టు పెట్టాలి. మీ పాస్‌పోర్టు మీ నడుముకే ఉంది, నాకు మీరే చూపించారు. ఈ సొరుగులో తొమ్మిదో మంచం పేరున హామీగా ఉన్నది ఎవరిది?"

మేనేజరమ్మ రబ్బరు బ్యాండు తీసి, తొమ్మిది అని చీటీ ఉన్న పాస్‌పోర్టు విప్పింది. లోపల అక్క ఫొటో. "మనిషి ఎదురుగా ఉంది కదాని నేను తెరిచి చూడలేదు" అంది, ఈసారి ఉప్పూ లేదు కారమూ లేదు.

చెల్లెలే మాట్లాడింది.

"రేపు విమానం వెళ్లాక గొడుగు ఇచ్చేసి తీసుకొద్దామనుకున్నాను. అమ్మకీ ఇలాగే చిన్న ఆపరేషనన్నారు. నడిచి వెళ్లింది, మోసుకొచ్చారు. అన్నయ్యకి ఇంకెవరో ఒకరు దొరుకుతారనుకున్నాను. నువ్వు లేకపోతే నాకెవరున్నారక్కా?"

"అన్నయ్యకీ ఇంకెవరూ లేరే. రెండేళ్లు వెతికాం కదా." అంది అక్క కోపంగా. "నాకు భయం లేదనుకున్నావా? ఈ వారమంతా ఒక్క రాత్రి సరిగ్గా నిద్రపోలేదు. అయినా భయపడ్డది నువ్వూ నేనూ. మధ్యలో ఈవిడేం చేసింది? ఆరేళ్ల పని పోతూంటే పైమంచం మీంచి చూస్తూ కూర్చున్నావా?"

అప్పటిదాకా చెల్లెలికి ఆ ఆలోచనే వచ్చినట్టు లేదు. దిగి వచ్చి తుడిచే ఆమె ముందు నిలబడి చేతులు పట్టుకుంది. క్షమించమని అడిగింది.

తుడిచే ఆమె చేతులు విడిపించుకుంది. "నన్ను దొంగన్నారమ్మా పొద్దుట్నుంచీ. అది నేనిప్పుడే మర్చిపోలేను" అని మేనేజరమ్మ వైపు కూడా ఒక చూపు చూసి, లేచి తన పనికి వెళ్లిపోయింది. మేనేజరమ్మ తలెత్తలేదు.

పట్టుకారు పాస్‌పోర్టు అక్కకు అందించాడు. ఆమె దాన్ని కాసేపు ఒళ్లో పెట్టుకుని, తర్వాత చెల్లెలి చేతిలో పెట్టింది.

"నీ దగ్గరే ఉంచు. విమానాశ్రయంలో నీ చేత్తో నువ్వే ఇవ్వు. నన్ను నువ్వు పంపిస్తేనే వెళ్తాను. దొంగచాటుగా వెళ్లను."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోతే అన్నయ్యకి ఫోన్ చేసి ఆ మాటేదో నువ్వే చెప్పు."

సహాయకురాలు ముక్కు తుడుచుకుని కిటికీలోంచి ఏదో చూస్తున్నట్టు నటించింది. చివరికి చెల్లెలు ఫోను తీసి, కళ్లు తుడుచుకుని, నంబరు నొక్కింది.

"అన్నయ్యా, నేనే. రేపు సాయంత్రానికి వచ్చేస్తున్నాం. అక్కని నేనే తీసుకొస్తున్నాను."