లెక్క రానివాళ్లకే దొరికిన డబ్బా

లిఫ్టులు బాగుచేసే ఆ కుర్రాడి తెలివి మీద అతనికున్నంత నమ్మకం ఇంకెవరికీ లేదు.

సెలవు రోజైతే చాలు, ఎక్కడో ఓ డబ్బా దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెల్ని చిక్కుముడిగా మార్చి నెట్‌లో పెట్టేవాడు. ముడి విప్పినవాళ్లు ఫోన్‌లో జీపీఎస్ చూసుకుంటూ వెళ్లి వెతుక్కోవాలి. దీన్ని జియోకాషింగ్ అంటారని అతను చెప్పేవాడు. పనీపాటా లేకపోవడం అంటారని వాళ్లమ్మ చెప్పేది.

ఈసారి కొన్ని అంకెల్ని రెండేసి లెక్కైన బైనరీలో, కొన్నిటిని పదహారేసి లెక్కైన హెక్సాలో, చివరిదాన్ని ఎనిమిదేసి లెక్కైన ఆక్టల్‌లో రాసి, ఇక తనని మించినవాడు లేడనుకున్నాడు. వారం తిరక్కుండానే ఒకమ్మాయి అతని వర్క్‌షాపుకొచ్చి, నలిగిపోయిన టమాటా నారు గుప్పెడు తెచ్చి బల్ల మీద పడేసింది.

వీధి చివరి మొక్కల నర్సరీ ఆమెదీ, వాళ్ల నాన్నదీ. ఎవరెవరో గోడ దూకి నారుమళ్లు తొక్కేస్తున్నారట. పట్టుకుని నిలదీస్తే అందరూ ఇతగాడి పేరే చెప్పారట. ఇంకొక్క మడి పోతే ఈ ఏడు అమ్మడానికి నారే మిగలదట.

"తొక్కినాయన్ని కూర్చోబెట్టి లెక్క చెప్పించుకున్నాను. చివర వంద అని రాశారు. ఆక్టల్‌లో వందంటే మామూలు లెక్కలో అరవై నాలుగు. మార్చడం మరిచిపోయి డబ్బాని వంద దగ్గరే పెట్టారు. కల్వర్టు కింద ఉంది, చూసే వచ్చాను. లెక్క వచ్చినవాళ్లందరూ మా మడిలో దిగుతున్నారు."

"ఇద్దరికి దొరికిందండీ" అన్నాడు గర్వంగా.

"వాళ్లిద్దరికీ లెక్క రాదు కాబట్టి దొరికింది."

మగమహారాజు అంత తేలిగ్గా తప్పు ఒప్పుకుంటాడా? నారుమడినే కాస్త పక్కకి జరుపుకోవచ్చు కదా అని సలహా ఇచ్చాడు. ఆమె అతన్ని ఎగాదిగా చూసి వెళ్లిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత చిన్నచూపు అతను ఎరగడు. అంత అందమైన కళ్లూ ఎరగడు. అదీ ఖర్మ.

ఆ రోజు అతను బాగుచేసిన లిఫ్టు మూడో అంతస్తు నొక్కితే ఐదులో ఆగింది. లెక్క ఒప్పేనని బుకాయిస్తే పరువు దక్కుతుంది గానీ, ఆమె మళ్లీ మొహం చూడదు. ఒప్పుకుంటే ఈ ఆట ఆడేవాళ్లందరూ నవ్వుతారు. సాయంత్రానికి మనసు గెలిచింది. లెక్క తప్పు, తప్పు నాదే, ఎవరూ వెళ్లకండి అని నెట్‌లో రాసేశాడు. అందరూ తనివితీరా నవ్వుకున్నారు.

ఆదివారం చినుకుల్లో తడుస్తూ నర్సరీకి వెళ్లి, తండ్రీకూతుళ్ల పక్కన చతికిలబడి కొత్త నారు నాటాడు. ఒక్క వరసా తిన్నగా లేదు.

"ఇంక ఇక్కడికి ఎవరూ రారండి" అన్నాడు వెళ్లబోతూ.

"మీరు కూడానా?" అంది ఆమె, చేతుల మట్టి దులుపుకుంటూ.

అంత మేధావీ ఈసారి ఏ చిక్కుముడీ వేయలేదు. "నాకు రోజూ రావాలని ఉంది. మీరంటే ఇష్టం" అన్నాడు.

ఆమె నవ్వు ఆపుకోలేక తండ్రి వైపు చూసింది. ఆయన వంకర వరసల్ని చూసి, అతన్ని చూసి, నిట్టూర్చాడు.

"నీ ఇష్టం తల్లీ. లెక్కలు మాత్రం నువ్వే చూసుకో."