పెద్ద టైర్లు వచ్చాక

పొద్దున్నే అత్తగారి గదిలో బీరువా తలుపు చప్పుడయ్యేసరికి కోడలి గుండె జారింది. ఆవిడ బట్టలు సర్దుకుంటోంది. కూతురి దగ్గరికి వెళ్ళిపోతానని అంటున్నది ఉత్త మాట కాదన్నమాట. అదీ చుట్టపుచూపుగా కాదు, ఉండిపోవడానికే.

ఎందుకు వెళ్తోందో కోడలికి తెలుసు. తెలుసనే అనుకుంది పాపం. ఆమధ్య ఆఫీసుకు ఆలస్యమవుతుంటే, కూరలో రెండోసారి ఉప్పు వేస్తున్న అత్తగారిని చూసి, "మీరు వంటింట్లోకి రాకండి అత్తయ్యా" అనేసింది. కాస్త విసుగ్గానే అంది. నోరు జారాక ఏం లాభం? ఆ తర్వాతే ఆవిడ ఇల్లు కదలడం మానేసింది. అంతకుముందు వారానికి రెండుమూడుసార్లు కొడుకు బండిలో కుట్టుపని నేర్పడానికి వెళ్ళేది. ఇప్పుడు ఓపిక లేదంటోంది. సూదీ దారం, చుట్టూ నలుగురు ఆడపిల్లలు ఉంటే ఆకలి కూడా గుర్తుండని మనిషికి ఓపిక లేకపోవడమేమిటి? గుమ్మడికాయల దొంగలా కోడలు ఆనాటి నుంచీ భుజాలు తడుముకుంటూనే ఉంది.

మొగుడికి చెబుదామంటే ఆయన లోకం ఆయనది. ఆఫీసులో రోజంతా లెక్కలు చూసే మనిషి, సెలవొస్తే చాలు రాళ్ళదారులు వెతుక్కుంటూ పోతాడు. ఈమధ్యే తన ఎస్‌యూవీకి పెద్ద టైర్లు వేయించాడు. బండిని పైకి లేపే సస్పెన్షన్ లిఫ్ట్ కూడా పెట్టించుకోమని మెకానిక్ అంటే వద్దన్నాడు. బండి లేస్తే అమ్మ ఎక్కలేదని, అందుకే లిఫ్ట్ లేకుండా పట్టే సైజు చూసి మరీ వేయించానని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. అత్తగారు పక్కనే కూర్చుని నవ్వుతూ వినేది.

ఆడపడుచు తన చిన్న కారులో రానే వచ్చింది. అన్నయ్య కుట్టుమిషన్ మోస్తుంటే తను వదినను వంటింట్లో నిలబెట్టింది. ఫోన్లో అమ్మ గొంతు బాగుండటం లేదట, ఎంత అడిగినా కారణం చెప్పదట.

"పొమ్మనలేక పొగబెట్టారా వదినా?" అంది.

కోడలికి కన్నీళ్ళు ఆగలేదు. ఉప్పు సంగతి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "తప్పు నాదే. కావాలంటే రోజూ ఉప్పుకషాయం లాంటి కూరే తింటాను గానీ, అత్తయ్యని తీసుకెళ్ళకు. రోజూ ఆవిడ లేని ఇంటికి వచ్చి తాళం తీసుకోవడం నావల్ల కాదు."

ఆడపడుచు మెత్తబడింది. చిటికెడు ఉప్పు కోసం ఇల్లు వదిలే మనిషి కాదే మా అమ్మ అని తనలో తనే అనుకుంది.

బయట కుట్టుమిషనూ దాని బల్లా ఎక్కేసరికి చిన్న కారు నిండిపోయింది. కొడుకు తన బండి తలుపు తీసి తల్లిని పిలిచాడు. టాక్సీలో వస్తానంది ఆవిడ. ఇంట్లో బండి పెట్టుకుని టాక్సీ ఏమిటన్నాడు. తప్పనిసరై ఆవిడ పిడి పట్టుకుని కాలెత్తింది. పాదం అంచుకు తగిలి కిందికి జారింది. మళ్ళీ ఎత్తింది. మోకాలు వంగక పెదవి కొరుక్కుంది. కోడలు పరుగున వెళ్ళి నడుం పట్టుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా ఇది?"

"టైర్లు మార్చినప్పటి నుంచి," అంది ఆవిడ తలొంచుకుని. "అంతకుముందే కిందామీదా పడి ఎక్కేదాన్ని. ఇప్పుడింకో అంగుళమున్నర లేచింది. నా కోసమే ఆ లిఫ్టేదో మానుకున్నానని వాడు మురిసిపోతుంటే, అయినా ఎక్కలేకపోతున్నానని ఏ నోటితో చెప్పను? కూతురింటి నుంచైతే కుట్టుక్లాసుకు నడిచిపోవచ్చు."

"మరి ఉప్పు?" అంది కోడలు.

"ఏం ఉప్పు?" అంది అత్తగారు.

కోడలి గుండెల మీంచి బండ దిగిపోయింది. ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. ఆడపడుచు వదిన భుజం చుట్టూ చెయ్యి వేసి, పొగ మాట వెనక్కి తీసుకుంటున్నానంది.

కొడుకు మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. లిఫ్ట్ లేకపోయినా, టైరు పెద్దదైతే బండి ఆ మేరకు లేస్తుందని ఊరందరి లెక్కలూ చూసే మనిషికి తట్టలేదు. చివరికి ఆయనా బయటపడ్డాడు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు వెళ్ళి చక్రం గూటిలోని ప్లాస్టిక్‌కు రాసుకుంటోందట. తమ సందు మలుపు దగ్గర రోజూ బండిని ముందుకీ వెనక్కీ తిప్పలేక అవస్థ పడుతున్నాడట.

"అన్ని గొప్పలు చెప్పుకున్నాక పాతవి బిగిస్తే నవ్వుతారని ఊరుకున్నానమ్మా," అన్నాడు.

"నవ్వితే నవ్వనీరా. అందరం కలిసే నవ్వుదాం," అంది తల్లి.

మధ్యాహ్నానికల్లా పాత టైర్లు ఎక్కాయి, తలుపు కింద ఓ మెట్టు కూడా వచ్చింది. అత్తగారు బట్టలు మళ్ళీ బీరువాలో పెడుతుంటే కోడలు ఒక్కొక్కటే అందించింది.

"నాకైనా చెప్పలేదేం అత్తయ్యా?"

"నీకు చెబితే నువ్వు వాడికి చెబుతావు కదా. పెట్టె సర్దుకున్నానే గానీ, పొద్దుట్నుంచీ నీ మొహం చూడలేకపోయానే. కూతురింటికి వెళ్తూ, పుట్టింటి నుంచి వెళ్తున్నట్టు ఏడుపొచ్చింది."

కోడలు చేతిలో బట్టలు మంచం మీద పడేసి, ఆవిడను గట్టిగా వాటేసుకుంది.