ఎనిమిది ఎర్రపోగులు

శనివారం. 1998 నవంబర్ 28. పొద్దున 9.40.

కరీంనగర్‌లోని డాక్టర్ సుదర్శన్‌రావు ల్యాబ్ నుంచి స్టేషన్‌కు ఫోన్ వచ్చింది. ఇనుప బీరువా తాళం విరిగింది. పన్నెండు గాజు స్లైడులున్న చెక్కపెట్టె మాయమైంది.

9.55కు జీపు ల్యాబ్ ముందు ఆగింది. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ లక్ష్మీరాజం దిగాడు. దిగుతూనే ఎడమ భుజం గేటుకు కొట్టుకుంది.

"పైలం సార్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్ కొమురెల్లి మెల్లగా.

ఆ ఎడమవైపు సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకడు కొమురెల్లి. జూన్‌లో ధర్మపురి రోడ్డు మీద జీపు బోల్తాపడ్డప్పుడు పక్కసీట్లో ఉన్నాడు. లక్ష్మీరాజం కనుబొమ్మకు ఇనుపకడ్డీ తగిలింది. పైకి కన్ను చెక్కుచెదరలేదు. లోపల కంటి నరం నలిగింది. ఇప్పుడు ఆ కంటికి దీపం వెలుగు కూడా ఆనదు.

డిసెంబర్ 8న మెడికల్ బోర్డు. ఒంటికన్ను అని తేలితే కేసులు చూసేది ఉండదు. మూలగదిలో పాత ఫైళ్లకు దారం కట్టుకుంటూ కూర్చోవాలి. అందుకే లక్ష్మీరాజం కంటిపరీక్ష అట్టమీది అక్షరాలన్నీ బట్టీపట్టాడు.

సంగతి తెలిసిన రెండో మనిషి సుదర్శన్‌రావు. ఊళ్లో పేరుమోసిన కంటి డాక్టరు. నలిగిన నరాన్ని మళ్లీ మొలిపించే మందు కోసం పదకొండేళ్లుగా పనిచేస్తున్నాడు. లక్ష్మీరాజానికి మిగిలిన ఆశ అదొక్కటే.

ఇప్పుడు దొంగతనం ఆ ల్యాబ్‌లోనే.

"పెట్టెల ఏమున్నయి డాక్టర్‌సాబ్?"

"ఎలుకల కంటి నరాలు. మొత్తం ఇరవై నాలుగు ఎలుకలు. అన్నిటికీ కంటి వెనక నరం పట్టకారుతోని నలిపినం. ఒకటి నుంచి పన్నెండు దాకా కంట్లకు సూదితోని నా మందు ఎక్కించిన. పదమూడు నుంచి ఇరవై నాలుగు దాకా ఉత్త ఉప్పునీళ్లు. మూడు వారాలకు నరాలు తీసి, పలచగ కోసి, గాజుమీద పెట్టి చూసినం."

"మందు పనిచేసిందా?"

"అయిదింటికి నరం మళ్ల పెరిగింది. కంటి నరం మళ్ల పెరుగుడంటే మాటలా?"

లక్ష్మీరాజం ఒక అడుగు ముందుకు జరిగాడు.

"ఉప్పునీళ్లయి?"

"ఒక్కటి గూడ పెరగలే. పోయింది గా పెట్టెనే."

"మందు పెట్టె?"

"ఉన్నది. బీరువాలనే."

"బీరువా చివరిసారి చూసిందెవరు?"

పక్కన నిలబడ్డ ప్రమోదిని తల ఎత్తింది. ఎమ్మెస్సీ చదివి, ఇక్కడ నరాలు కోసి స్లైడులు చేసే అమ్మాయి. "నేనే సార్. శుక్రవారం 5.15కు. రెండు పెట్టెలూ ఉన్నాయి."

"వాకిలి తాళంచెవులు?"

"రెండు," అన్నాడు డాక్టరు. "ఒకటి నా జేబుల. ఒకటి హనుమండ్లు మొలతాడుకు. బోన్లు కడిగేటోడు. 6 గంటలకు తాళమేసి పోయిండు. ఎవడో వేరే కంపెనీవాడు ఆశపెట్టి ఉంటడు."

తర్వాత లక్ష్మీరాజం భుజం మీద చెయ్యి వేసి వరండాలోకి తీసుకుపోయాడు.

"సోమవారం 11 గంటలకు బొంబాయి కంపెనీవాళ్లస్తున్నరు. స్లైడులన్నీ సూస్తమన్నరు. ఎఫ్.ఐ.ఆర్. కాపీ ఉంటే గీ పెట్టె లోటు వాళ్లకు సమజవుతది. సంతకాలు కాంగనే మనుషుల మీద ట్రయల్. మొదటి సూది నీకే, లక్ష్మీరాజం."

పెద్దింట్లో సొమ్ము పోతే పోలీసు మొదట పనిమనిషి ఇంటికే పోతాడు. చట్టంలో ఎక్కడా రాసిలేదు. అయినా ఏ కానిస్టేబులూ అది మరచిపోడు.

11.20కు హనుమండ్లు స్టేషన్‌లో ఉన్నాడు. చెంప మీద నాలుగు వేళ్ల వాత. కొట్టింది కొమురెల్లి. ఆపనిది లక్ష్మీరాజం.

యాభై ఏళ్ల మనిషి. సాలె ఇంట్లో పుట్టాడు. సిరిసిల్లలో ఇరవై ఏళ్లు సాంచల మీద బట్ట నేశాడు. ఆ మరమగ్గాల దుమ్ము రొమ్ములో చేరి దగ్గు పట్టుకుంటే ఇక్కడ ఎలుకల పనికి వచ్చాడు.

బయట అతని భార్య శంకరవ్వ గొంతు స్టేషన్ కప్పు లేపుతోంది.

"ఎలుకల పియ్యి ఎత్తేటోడు గాజుముక్కలు ఎత్తుకపోయి ఏం జేసుకుంటడు సారూ? కూరండుకుంటడా? దొరల ఇంట్ల పిల్లి పాలుతాగినా మా మీదికేనా?"

"ఏయ్, నోర్ముయ్యి," అన్నాడు కొమురెల్లి.

"మూస్త. నువ్వు జెప్పు ముందుగాల. గాజుముక్క కిలో ఎంతకు కొంటరు?"

ఆ మాట లక్ష్మీరాజానికి ముల్లులా గుచ్చుకుంది.

బీరువాలో రెండు పెట్టెలు. ఒకదాంట్లో మందు గుట్టు. ఇంకోదాంట్లో ఉప్పునీళ్లు. కంపెనీకి అమ్ముకోవాలనుకున్న దొంగ మందు పెట్టె వదిలేసి ఉప్పునీళ్ల పెట్టె ఎత్తుకుపోతాడా?

మధ్యాహ్నం 2.30. లక్ష్మీరాజం మళ్లీ ల్యాబ్‌కు పోయాడు.

వెనక దొడ్లో ఖాళీ బోన్లు వరసగా బోర్లించి ఉన్నాయి. ప్రతి బోనుకూ ఒక నంబరు బిళ్ల. కొన్నింటి కమ్మీలకు మాత్రం ఎర్రటి పోగు కట్టి ఉంది. చిన్న, గట్టి ముడి.

"ఇవేంది?"

డాక్టరు నవ్వాడు. "వేములవాడ రాజన్నకు మొక్కు దారాలై ఉంటయి. హనుమండ్లు భక్తి. సైన్సు చేసే కాడ గీ మూఢనమ్మకం. ఎన్నిసార్లు తిట్టాలె?"

లక్ష్మీరాజం బోన్ల ముందు వంగాడు. మొక్కు దారమైతే అన్నిటికీ కట్టాలి. లేదా ఒక్కదానికి కట్టాలి. ఈ లెక్కేమిటి? నోట్‌బుక్ తీసి నంబర్లు రాసుకున్నాడు.

3, 5, 8, 9, 11. తర్వాత 14, 17, 22. మొత్తం ఎనిమిది.

లోపలికి వచ్చి ప్రమోదిని బల్ల ముందు ఆగాడు.

"అమ్మా, మందు ఎలుకలల్ల నరం పెరిగినయి ఏ నంబర్లు?"

ఆమె డాక్టరు గదివైపు ఒకసారి చూసింది. "మూడు, అయిదు, ఎనిమిది, తొమ్మిది, పదకొండు."

లక్ష్మీరాజం నోట్‌బుక్ మూశాడు.

సాయంత్రం 4.10. స్టేషన్.

"హనుమండ్లూ, బోన్లకు ఎర్రపోగు ఎందుకు కట్టినవ్?"

హనుమండ్లు చేతులు జోడించాడు. దొంగతనం అన్నప్పుడు కూడా అంతగా బెదరలేదు.

"తప్పయింది సార్. సారుకు జెప్పకుండ్రి."

"ఏం తప్పు?"

"బట్టల పోగు తెగి తప్పు పడితే, గా జాగల అంచుకు ఎర్రపోగు కడ్తం. మడతపెట్టేటోనికి తెల్వాలె గదా. దాచిపెడితే దొంగతనమే. డాక్టరు సారు సూది పొడిచేటప్పుడు ఎలుకను పట్టుకునేటోన్ని నేను. సారుది జర తొందర చెయ్యి. ఎనిమిదింటికి సూది మరీ లోపలికి, పాపదాకా దిగింది. తెల్లారి సూస్తే కంటిపాప తెల్లగయింది, ముసలోళ్లకు కంట్ల పొర కమ్మే మోతిబిందు లెక్క. నా చెయ్యి కదిలిందో ఏమో అనుకున్న. నోటితోని చెప్ప భయమయింది. అందుకే పోగు కట్టిన."

"ఆ ఎలుకల్ల ఉప్పునీళ్లయి గూడ ఉన్నయా?"

"మూడు."

కోసినంక మిగిలిన నరాల గురించి లక్ష్మీరాజం ఇంకో ప్రశ్న అడిగాడు. హనుమండ్లు జవాబు చెప్పాడు. లక్ష్మీరాజం టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

ఆదివారం పొద్దున 7 గంటలకు ఇంట్లో గోడకున్న అట్ట ముందు నిలబడ్డాడు. కుడికన్ను అరచేత్తో మూసుకున్నాడు. నల్లగా ఉంది. అయినా పెదాలు అక్షరాలు అప్పజెప్పాయి. ఒక్కటి కూడా తప్పలేదు.

ఎఫ్.ఐ.ఆర్. మీద ఒక్క సంతకం. హనుమండ్లు జైలుకు. మొదటి సూది తనకు. కట్టిన దారాల అర్థం అడిగేవాడు ఈ లోకంలో ఇంకొకడు లేడు.

చెయ్యి తీశాడు. గోడా అట్టా వెలుగులోకి వచ్చాయి, సగం లోకంతో.

అరగంటలో ప్రమోదిని ఇంటి తలుపు కొట్టాడు.

ఆదివారం సాయంత్రం 4 గంటలు. ల్యాబ్‌లో అందరూ ఉన్నారు. సుదర్శన్‌రావు, ప్రమోదిని, కొమురెల్లి, గోడకు ఒదిగి హనుమండ్లు. బల్ల మీద మైక్రోస్కోపు. దాని పక్కన ఎర్రపోగు కట్టిన ఎనిమిది బోన్లు.

"ఏంది లక్ష్మీరాజం, గీ తమాషా? రేపు కంపెనీవాళ్లు..."

"వాళ్లకోసమే డాక్టర్‌సాబ్. దొంగ ఉప్పునీళ్ల పెట్టెనే ఎందుకెత్తుకపోయిండు?"

"తొందర్ల ఏది దొరికితే అది."

"కాదు. దొంగ దాచవలసింది అందులనే ఉన్నది. ఉప్పునీళ్ల ఎలుకల్ల గూడ మూడింటికి నరం పెరిగింది. 14, 17, 22."

"ఎవడు జెప్పిండు?"

"గీ పోగులు. సూది లోపలిదాకా దిగి పాప తెల్లబడిన ఎలుకలకు హనుమండ్లు కట్టిన తప్పుగుర్తులు. మందు ఎలుకల్ల పోగు కట్టినయి ఏవో నరం పెరిగినయి అవే. అయిదుకు అయిదు. పోగు లేనిది ఒక్కటి పెరగలే. మీరు మొక్కు దారాలనుకున్నరు. పదకొండేండ్లు కండ్లు చూసినోళ్లు, పక్కన నిలబడ్డ మనిషి చేతులు సూడలే."

"సాక్ష్యం ఏది? స్లైడులు లేవు గదా?"

"హనుమండ్లూ, తీస్కరా."

హనుమండ్లు మూలనుంచి పాత కండెల పెట్టె తెచ్చాడు. సాంచలకు నూలు కండెలు పెట్టుకునే రేకుపెట్టె. లోపల వరసగా మైనపు బిళ్లలు.

"నరాన్ని మైనంల పెట్టి కోస్తరు. కోసినంక మిగిలింది మైనంలనే ఉంటది," అన్నాడు లక్ష్మీరాజం. "శుక్రవారం 6 గంటలకు ఇతనికి మీరేం చెప్పిన్రు?"

హనుమండ్లే అన్నాడు. "ఉప్పునీళ్ల బిళ్లలు పారెయ్యిమన్నరు సారు. కానీ పోగు మిగిలితే పారెయ్య సాలోని చెయ్యి లేవది. ఇంట్ల దాచిపెట్టిన."

"పొద్దటినుంచి వీటినే మళ్లీ కోశాను," అంది ప్రమోదిని. "శుక్రవారం 5.15కు మీకు చెప్పాను సార్, ఆ మూడింట్లో నరం పెరిగిందని. ఎవరికీ చెప్పొద్దన్నారు. తెల్లారేసరికి పెట్టె లేదు."

"మరి నిన్న నాకెందుకు చెప్పలేదమ్మా?"

"మీరు తాళం గురించి, మందు ఎలుకల గురించే అడిగారు. నేనూ భయపడ్డాను."

లక్ష్మీరాజం మైక్రోస్కోపు మీద వంగాడు. ఇక్కడ ఒక్క కన్ను చాలు. నలిగిన చోటు దాటి నల్లటి సన్నపోగులు ముందుకు సాగాయి, తెగిన పడుగు అతికినట్టు. ఇంకో స్లైడు పెట్టింది ప్రమోదిని. నరంతో పాటు మైనంలో పెట్టిన కన్ను లోపలి కోత. గాయమైన పాప చుట్టూ నీలం చుక్కల గుంపు.

"మాక్రోఫేజులు సార్. ఒంట్లో పుండయితే పరుగెత్తే రక్షణ కణాలు. వాపు, చీము తెస్తాయని వీటినే తిడతాం. సూది తగిలేసరికి కంట్లోకి వచ్చాయి. అవి వదిలే పదార్థమేదో నరాన్ని తట్టి లేపిందని నా అనుమానం. మందు కాదు."

సుదర్శన్‌రావు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మూడు ఎలుకల కోసం... పదకొండేండ్ల పని గంగల కలుపుకోమంటవా?"

"గంగ సంగతి తర్వాత. పెట్టెను ఏ నీళ్లల్ల కలిపిన్రో ముందు చెప్పుండ్రి."

డాక్టరు తల దించుకున్నాడు. "శుక్రవారం 8 గంటలకు. మానేరు డ్యామ్ కట్ట మీదికెళ్లి పెట్టె విసిరేసిన. తాళం నేనే పగలగొట్టిన." తల ఎత్తాడు. కళ్లలో కోపం కంటే దిగులే ఎక్కువ. "నీకు పిచ్చా లక్ష్మీరాజం? మందు లేకుంటే నీ కన్ను?"

కొమురెల్లి నేల చూశాడు.

లక్ష్మీరాజం ప్రమోదిని వైపు తిరిగాడు. మొత్తం ముఖం తిప్పాల్సి వచ్చింది. ఆమె ఎడమవైపు నిలబడి ఉంది.

"నా కంటిపాపకు సూది గుచ్చితే?"

"మోతిబిందు వస్తుంది సార్." ఆమె అబద్ధం చెప్పలేదు. "ఎలుకల్లోనూ నరం కొంచెమే పెరిగింది. మెదడు దాకా చేరలేదు. చూపు రాలేదు. పైగా పొద్దున మీరే చెప్పారు, దెబ్బ తగిలి అయిదు నెలలయిందని. ఇది దారి కాదు. దారి ఎటుందో చూపే గుర్తు. అంతే. ఎన్నేళ్లు పడుతుందో తెలియదు."

"నా సర్వీసుల?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

లక్ష్మీరాజం జేబులోంచి ఎఫ్.ఐ.ఆర్. కాగితం తీశాడు. ముద్దాయి పేరు చోటు ఖాళీగా ఉంది. నిన్నటినుంచి ఖాళీగానే ఉంది. పెన్ను మూత తీసి, డాక్టరు పేరు ఇంటిపేరుతో సహా నింపాడు.

గేటు దగ్గర కొమురెల్లి హనుమండ్లు ముందు ఆగి గొణిగాడు. "నిన్న చెయ్యి చేసుకున్న... మనసుల పెట్టుకోకు అన్నా."

"నేను పెట్టుకోను. శంకరవ్వను అడుగు. ఆమె పెట్టుకుంటది."

లక్ష్మీరాజం మాత్రం గొణగలేదు. "కొట్టింది కొమురెల్లి. సూస్కుంట కూసున్నది నేను," అన్నాడు. హనుమండ్లు దొడ్లోకి తీసుకుపోతున్న బోనును కింద పెట్టాడు. దాని కమ్మీనుంచి ఎర్రపోగు విప్పి లక్ష్మీరాజం చేతిలో పెట్టి, దగ్గుకుంటూ వెళ్లిపోయాడు.

డిసెంబర్ 8. మెడికల్ బోర్డు. 10.30.

కుడికన్ను చదివింది. బోర్డు డాక్టరు ఒక అట్టముక్కతో కుడికన్ను మూశాడు.

"ఎడమ కన్ను. పైనుంచి చదవండి."

అక్షరాలన్నీ నాలుక మీదే ఉన్నాయి. లక్ష్మీరాజం చొక్కా జేబు తడుముకున్నాడు. గుండీ కాజాకు కట్టి ఉన్న ఎర్రపోగు వేళ్లకు తగిలింది.

"చదవండి."

"ఏం కనబడది సార్," అన్నాడు. "అక్షరాలు బట్టీపట్టి వచ్చిన. తప్పు పడ్డది. రాసుకోండి."