చెరిపేసిన జవాబు

హోసూరు దగ్గరి బాగలూరులో ఫ్యాక్టరీ పనివాళ్లకు సాయంత్రం పూట కెమిస్ట్రీ ట్యూషన్ చెప్పే హేమావతికి, వెనక బెంచీలో కూర్చునే తిలక్ మీద అనుమానం మొదలైంది.

గుంటూరు నుంచి వచ్చానని, లోహాలకు పూత వేసే ప్లేటింగ్ ఫ్యాక్టరీలో పనని, ఇంటర్ తప్పానని చెప్పి చేరాడు. రెండు నెలలైనా ప్రతి టెస్టులోనూ తప్పులే. అతని కోసం ఆమె రోజూ అరగంట ఎక్కువ ఉండేది. ఆ అరగంట తనకూ ఇష్టమేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రం వాన. అందరూ వెళ్లిపోయాక హేమావతి అతని పేపరును వెలుతురుకు పట్టి చూసింది. హైడ్రోజన్ క్లోరైడ్ బంధంలో అయానిక స్వభావం సుమారు ఎంత అన్న ప్రశ్నకు డెబ్బై శాతం అని రాశాడు. దాని కింద, రబ్బరుతో చెరిపిన పెన్సిల్ జాడల్లో, ఓ పొడవాటి ఫార్ములా, చివర ఇరవై ఒక శాతం అన్న జవాబు కనిపించాయి.

"ఎలక్ట్రాన్లను లాక్కునే బలం క్లోరిన్‌కి 3.16, హైడ్రోజన్‌కి 2.20. తేడా చిన్నదైతే అయానిక స్వభావమూ తక్కువే. నేను చెప్పింది అంతే. ఈ ఫార్ములా యాడ నేర్చుకున్నావప్పా?"

"యూట్యూబ్‌లో, మేడం."

"సరైన జవాబు చెరిపి తప్పు రాసేది కూడా యూట్యూబ్‌లోనేనా?"

తిలక్ పేపరు కోసం చెయ్యి చాపాడు. హేమావతి ఇవ్వలేదు.

"పోయిన వారం మన క్లాసులో నలుగురు హోసూరు కొత్త ట్యూషన్ సెంటరుకి పోయినారు. వాళ్లను పిలుచుకొని పోయింది నువ్వేనా? ఎవురు పంపినారు నిన్ను?"

"అయ్యో, ఎవరూ పంపలేదండీ! నేను ఎమ్మెస్సీ. ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కెమిస్టుని. మా ఆపరేటర్ ముత్తుని చేర్పించడానికి వచ్చాను. మీరు పాఠం చెబుతుంటే చూసి... నా పేరూ రాయించేశాను."

"మరి ఈ తప్పులు?"

"అన్నీ సరిగ్గా రాస్తే మీరు అరగంట ఎక్కువ ఉండరు కదండీ."

హేమావతి నమ్మలేదు. అప్పటికప్పుడు ముత్తుకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"సారు సంగతి తెలిసిపోయిందా మేడం? ల్యాబ్‌లో పొద్దస్తమానం మీ మాటే! పోయిన నలుగుర్నీ మళ్లీ రమ్మని బతిమలాడతా ఉండేది కూడా సారే."

తిలక్ చెవులు ఎర్రబడ్డాయి. హేమావతి ఫోన్ పెట్టేసింది.

"రెండు నెలలు నన్ను ఏమార్చినావు."

"తప్పేనండీ. రేపట్నుంచి రాను." గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి దిగాడు.

"ఆగప్పా! స్టూడెంటుగా రావద్దు, అంతే." ఆమె గొడుగు అందించింది. "ఆదివారం ఇంటికి రా. మా నాయన శానా ప్రశ్నలు అడుగుతాడు. ఆడ ఒక్కటి కూడా తప్పు చెప్పొద్దు."