ఇద్దరు కూర్చునే పుస్తకం

ఆగండాగండి, ఎక్కడికా పరుగు? కాస్సేపు కూర్చుని తాయారు సంగతి విని వెళ్ళండి. చివర్లో మిమ్మల్నే ఒకటి అడగాలి!

స్వరాజ్యం వచ్చిన కొత్తల్లో, రాయపూర్ రైల్వే కాలనీలో ఓ మామూలు పొద్దు. ఇంజన్ డ్రైవరు పరదేశి పాసు మీద కలకత్తా వెళ్ళొచ్చి, కాళ్ళైనా కడుక్కోకుండా కూతురు తాయారు ముందు రెండు పుస్తకాలు పెట్టాడు. రెండూ జాజ్ పియానో స్వరాల పుస్తకాలే. ఒకటి సోలో, అంటే ఒక్కరే వాయించుకునేది. రెండోది ఒకే పియానో ముందు ఇద్దరు కూర్చుని, పైభాగం ఒకరూ కిందిభాగం ఒకరూ వాయించేది.

"ఒకటే ఉంచుకోవాల తల్లీ. రెండోది మీ మావ ఈ పొద్దు బండిలో ఎనక్కి అట్టుకెల్లి కొట్టోడికి ఇచ్చెస్తాడు."

మావంటే గార్డు భీమారావు, తల్లి పైడమ్మకి తమ్ముడు.

తాయారు సోలో పుస్తకం తెరిచిందో లేదో, వేళ్ళు వాటంతటవే ఆడటం మొదలెట్టాయి. అబ్బ, ఏం పాటలవి! ఎడమచెయ్యి అడుగు మెట్ల నుంచి నడిమి మెట్లదాకా గెంతులేస్తుంటే కుడిచెయ్యి దాన్ని ఆటపట్టించడమే! శనివారం రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఉద్యోగుల క్లబ్బులో, ఆమె ఒక్కతే వాయించాలి. బాగా కుదిరితే అక్కడి బ్యాండులో పియానో ఇక ఆమెదే.

"ఇదే నాన్నా!"

"రెండోది సూడు. అట్ట మీద బొమ్మ బాగుంది."

"బొమ్మ చూసి కొంటారా ఎవరైనా? నా పక్కన ఎవరు కూర్చుంటారు?"

"ఎవులో ఒకలు. ఇంజను మీద మట్టుకు ఒక్కడే ఎల్తాడేటి? బొగ్గేసే ఫైర్‌మేనుండడూ?"

"ఇది ఇంజను కాదు! నాకెవరూ అక్కర్లేదు, బస్! అయినా పాటల గురించి నీకేం తెలుసు? ఆ బొగ్గు చేతులతో పేజీలు ముట్టుకోకు, పాడైపోతాయి!"

పరదేశి చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు. "నిజవే" అని పెరట్లోకి వెళ్ళిపోయాడు.

పైడమ్మ గరిటె విసిరికొట్టింది. "నోరా అది, తాటిమట్టా? నువ్వు బడికెల్లినప్పుడల్లా మీ అయ్య నీకు పియానో నేర్పే ఆ రోజీ ఆంటీ కాడ కూకుని కిందిభాగం నేర్సుకుంటన్నాడే! ఇదిగో సూడు." రొట్టెల పీట తిరగేసింది. దాని వెనక బొగ్గుతో గీసిన పియానో మెట్లు!

తాయారు ఏడ్చేసింది. పీట పట్టుకుని పెరట్లోకి పరిగెత్తింది. తండ్రి కొళాయి దగ్గర చేతులు సబ్బుతో తోముకుంటున్నాడు, తోముతూనే ఉన్నాడు.

"తప్పైపోయింది నాన్నా."

"ఛ, ఏడవకు. సోలోయే ఉంచుకో. నీ పక్కన ఓపాలి కూకోవాలని ఆశ, అంతే. పిచ్చి ఆశ."

ఆమె అతని పక్కనే గట్టు మీద కూలబడి, పీట ఇద్దరి ఒళ్ళో పెట్టింది. "నీ భాగం మొదలెట్టు."

ఆ లావుపాటి వేళ్ళు బొగ్గు మెట్ల మీద మెల్లగా నడిచాయి, ఒక్క తాళం తప్పలేదు! రోజీ ఆంటీ తనకీ నేర్పిన పాటే అది; పైభాగాన్ని ఆమె నోటితో అందుకుంది. సగంలో ఏడుపొచ్చి ఆగిపోయింది.

"సప్పుడు లేని పాటకి ఏడుపొకటి!" అంటూ పైడమ్మ తన కళ్ళే తుడుచుకుంది.

ఇంతలో గేటు దగ్గర భీమారావు కేక. "ఒలే తాయారూ, జల్దీ! బండికి టైమైపోతంది. ఏ పుస్తకం ఇస్తావు?"

పరదేశి లోపల్నుంచి రెండు పుస్తకాలూ తెచ్చి, ఇద్దరు వాయించేది అందించబోయాడు. తాయారు రెండూ లాక్కుంది. ఇప్పుడు ఒక చేతిలో శనివారం, ఇంకో చేతిలో నాన్న. గేటు మీదుగా మావయ్య చెయ్యి చాచే ఉంది.

చెప్పండి, మీరైతే ఆ చేతిలో ఏది పెట్టేవారు?